కొత్త యంత్రానికి సర్కారు సాయం: దళితుల వాటా ఏ నిబంధన దగ్గర జారిపోతోంది?

కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఊళ్లలో డెబ్బై దాటిన పెద్దవాళ్లను కదిలిస్తే కపిల బావుల సంగతి చెబుతారు. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే బావిలోంచి బాన పైకి వచ్చేది. బానకు కట్టిన తోలు తొండం కాలువలోకి నీళ్లు గుమ్మరించేది. ఆ తొండం కుట్టింది మాదిగ. తోలు చిరిగితే మడి ఎండిపోతుంది కాబట్టి రైతు తానే వాడకు వెతుక్కుంటూ వచ్చేవాడు. పనికి డబ్బు లేదు, కళ్లంలో మేర ఉండేది. పంట నూర్చిన రోజున కొలిచి ఇచ్చే గింజలు. అంటే ఈ కరువు సీమలో నీళ్లు తోడే సాంకేతికతలో ఒక కీలకమైన భాగం ఊరి బయట ఉంచిన కులం చేతిలో ఉండేది. దాన్ని ఎవరూ సాంకేతికత అనలేదు. కులవృత్తి అన్నారు.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు లారీలు దిగాయి. మోటార్ల డీలర్‌షిప్పు, రీవైండింగ్ షాపు, పైపుల అంగడి లాంటి కొత్త వ్యాపారాలు పుట్టాయి. వాటికి పెట్టుబడి కావాలి, షూరిటీ కావాలి, బజారు వీధిలో గది అద్దెకిచ్చే యజమాని కావాలి. తొండం కుట్టిన చేతికి ఈ మూడూ లేవు. పనిముట్టు మారినప్పుడు పాత పనిముట్టు చేసినవాడు కూలీగా మిగిలాడు.

ఇప్పుడు మళ్లీ పనిముట్లు మారుతున్నాయి. ఈసారి మాత్రం సర్కారు చేతిలో పథకాలు ఉన్నాయి. కొత్త యంత్రం కొనడానికి, కొత్త ఆలోచనను నిలబెట్టడానికి, తయారైన సరుకును సర్కారుకే అమ్మడానికి సాయం చేస్తామని కేంద్రమూ రాష్ట్రమూ చెబుతున్నాయి. చాలా పథకాల్లో ఎస్సీల వాటా కూడా రాసి ఉంది. ఆ వాటా ఇవ్వకపోయినా ఎవరికీ ఏమీ కాకుండా చూసే నిబంధన కూడా అక్కడే, ఒక్కోసారి తర్వాతి వాక్యంలోనే రాసి ఉంది. ఈ వ్యాసం ఆ రెండో వాక్యాల గురించి.

ఇక్కడ ఆవిష్కరణ అంటే ఏమిటి

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక కూడా కళ్యాణదుర్గం అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. రెవెన్యూ డివిజన్ కేంద్రం. జిల్లా కేంద్రానికి సుమారు అరవై కిలోమీటర్లు. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే జిల్లా ఇది. కంబదూరు, కుందుర్పి, శెట్టూరు, బ్రహ్మసముద్రం, బెళుగుప్ప మండలాలు దీని చుట్టూ ఉన్నాయి. వేరుశనగే పంట, వేరుశనగే అప్పు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎస్సీలు 14.3 శాతం. కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది పెనుకొండ వైపు, బెంగళూరు హైవే పక్కన. జీన్స్ కుట్టే షెడ్లు రాయదుర్గంలో. కళ్యాణదుర్గానికి ఆ రెంటిలో ఏదీ రాలేదు.

కాబట్టి ఇక్కడ చిన్న వ్యాపారంలో సాంకేతికత అంటే యాప్ కాదు. విత్తనం కాయలు గింజ పగలకుండా ఒలిచే మిషన్. కొర్రలు, సామలు పొట్టు తీసే మిల్లు. గానుగ నూనె. చింతపండు గింజ తీయడం. చెప్పుకు సోలు అతికించే ప్రెస్సు. ట్రాక్టరుకు తగిలించే విత్తనం గొర్రు. ఇవన్నీ పదిహేను ఇరవై లక్షల లోపు పనులు. కళ్యాణదుర్గంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, జిల్లా కేంద్రంలో జేఎన్‌టీయూ ఉంది. ఆలోచన ఉన్న మనిషికి సలహా దొరకని చోటేమీ కాదు. అయితే సలహా దొరికే చోటికీ డబ్బు దొరికే చోటికీ మధ్య దూరం ఉంది.

విత్తనం కాయల సంగతే తీసుకోండి. మామూలు మిషన్‌లో వేస్తే గింజలు కొన్ని పగులుతాయి, పై పొర లేచిపోతుంది. నూనెకైతే పర్లేదు, విత్తనానికి పనికిరాదు. అందుకే విత్తే కాలం ముందు ఆడకూలీలు కూర్చుని చేత్తో ఒలుస్తారు. గోళ్ల దగ్గర చర్మం లేచిపోతుంది. ఆ పని చేసేవాళ్లలో దళిత స్త్రీలే ఎక్కువగా కనిపిస్తారు. గింజ పగలకుండా ఒలిచే మిషన్ తయారు చేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ముందుగా రావాల్సింది వాళ్లకే, వాళ్ల ఇళ్లలో ఐటీఐ చదివిన పిల్లలకే. ఈ ఉదాహరణను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీనితోనే పని.

పాత డిమాండు

దళితులకు పరిశ్రమలు, సాంకేతిక విద్య అన్న డిమాండు నిన్నమొన్నటిది కాదు. 1918లోనే అంబేడ్కర్ చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, భూమి మీద మిగులు శ్రమను పరిశ్రమలోకి మళ్లించకుండా వ్యవసాయం బాగుపడదని వాదించారు. 1942 అక్టోబరులో వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో ఇంకా నిర్దిష్టంగా మాట్లాడారు. సైన్సు, సాంకేతిక విద్యకు స్కాలర్‌షిప్పులు అడిగారు. సర్కారు ముద్రణాలయాల్లో, రైల్వే వర్కుషాపుల్లో షెడ్యూల్డు కులాల యువకులను అప్రెంటిసులుగా తీసుకోవాలన్నారు. ఆయన దృష్టి గుమాస్తా ఉద్యోగం దగ్గర ఆగలేదు, యంత్రం దాకా వెళ్లింది. మన ఉద్యమాలు తర్వాతి దశాబ్దాల్లో రిజర్వేషన్ ఉద్యోగాల మీద పెట్టినంత పట్టు ఈ రెండో డిమాండు మీద పెట్టలేదని ఒప్పుకోవాలి.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2015-16లో జరిగిన 73వ జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో సుమారు 6.34 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు ఉన్నాయి. వాటిలో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 12.45 శాతం. ఫర్వాలేదే అనిపిస్తుంది. విడదీసి చూడండి. సూక్ష్మ సంస్థల్లో 12.48 శాతం. చిన్న సంస్థల్లో 5.5 శాతం. మధ్య తరహా సంస్థల్లో ఆ పట్టికలో ఉన్న అంకె సున్నా. మెట్టు ఎక్కేకొద్దీ మనం కనపడం. యంత్రం వల్లే సంస్థ ఒక మెట్టు ఎక్కుతుంది కాబట్టి, ఈ సున్నా వెనక యంత్రం కొనలేకపోవడం ఒక పెద్ద కారణమని అనుకోవచ్చు.

అప్పు పథకాలు

2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా ఎక్కువ మందికి తెలుసు. 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక మహిళకు ఇవ్వాలి. కొత్తగా పెట్టే యూనిట్‌కు మాత్రమే. ఆ 'లేదా' అన్న మాట దగ్గర ఒకసారి ఆగండి. ఒక శాఖ ఎస్టీకి ఇస్తే ఎస్సీకి ఇవ్వనక్కర్లేదు. ఎవరికీ ఇవ్వకపోతే ఆ శాఖ మీద జరిమానా లేదు. 2023 మార్చి నాటికి దేశమంతా 1,80,636 ఖాతాలు మంజూరైనట్లు కేంద్రం ప్రకటించింది. అందులో మహిళల ఖాతాలు 1,44,787, ఎస్సీలవి 26,889, ఎస్టీలవి 8,960. మహిళలకు ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వాల్సిందే. కానీ ప్రచారంలో ఎస్సీ ఎస్టీల పేరు ముందు నిలబడిన పథకంలో ఎస్సీల ఖాతాలు 15 శాతం దగ్గర ఆగిపోయాయి. పథకం గడువు 2025 దాకా పొడిగించారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మరో పథకం ప్రకటించారు: మొదటిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లలో 2 కోట్ల దాకా టర్మ్ లోను. అందులోనూ మూడు వర్గాలూ ఒకే గంపలో ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో విడదీసి రాయమని అడగడమే మొదట చేయాల్సిన పని.

కళ్యాణదుర్గం లాంటి చోట స్టాండప్ ఇండియా కంటే ఎక్కువ అక్కరకొచ్చేది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. లెక్క చూద్దాం. పల్లెలో ఒక ఎస్సీ యువతి 12 లక్షలతో కాయలు ఒలిచి నూనె తీసే యూనిట్ పెట్టాలనుకుంది అనుకుందాం. తన వాటా 5 శాతం, అంటే 60 వేలు. పల్లెలో పెట్టే ఎస్సీ లబ్ధిదారులకు సబ్సిడీ 35 శాతం, అంటే 4 లక్షల 20 వేలు. బ్యాంకు ఇచ్చేది 11 లక్షల 40 వేలు. సబ్సిడీ మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో కలుస్తుంది. 10 లక్షలు దాటిన తయారీ యూనిట్‌కు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం మనకు లేదు.

కాగితం బ్యాంకు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. పది లక్షల దాకా చిన్న సంస్థల రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ పైన గ్యారంటీ ఇవ్వడానికి సర్కారు ట్రస్టు ఉంది. అయినా 'షూరిటీ ఎవురున్నారు? పొలం ఉందా?' అన్న మాట మన పిల్లలు ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. పట్టా ఉన్నా అది డీకేటీ పట్టా, అసైన్డు భూమి, అమ్మకానికి పనికిరాదు అంటారు. సబ్సిడీ సిఫారసు జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచో ఖాదీ బోర్డు నుంచో రావచ్చు, కానీ తలుపు తాళం బ్యాంకు చేతిలోనే ఉంటుంది. మన సబ్సిడీలన్నిటి కట్టడం ఇదే. ముందు అప్పు పుట్టాలి, తర్వాతే రాయితీ.

జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ 2016 అక్టోబరులో లూధియానాలో మొదలైంది. యంత్రాల కోసం దాని కింద ప్రత్యేక పెట్టుబడి సబ్సిడీ ఉంది. కోటి దాకా రుణంతో కొన్న యంత్రాల మీద 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షలు. సాధారణ వర్గాలకు నడిచిన పథకంలో ఇది 15 శాతమే. మంచి తేడా. కానీ ఇదీ అప్పుతో ముడిపడిందే.

ఇక పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవారు ఉన్నారు. 15 వేల రూపాయల పనిముట్ల కిట్, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. అక్కరలో ఉన్నవాళ్లు తీసుకోవాలి, తప్పులేదు. కానీ తరతరాల కులవృత్తిని అదే కులంలో నిలబెట్టి, దానికి కొత్త పేరు పెట్టే పథకం సాంకేతికతకు సాయం అనిపించుకోదు. ఆరె మార్చి కొత్త ఆరె ఇచ్చారు, అంతే.

పుట్టని యంత్రానికి కొటేషన్ ఎవరిస్తారు?

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. ఆ యువతికి బజారులో దొరికే మిషన్ వద్దు. విత్తనం గింజ పగలని మిషన్ తానే తయారు చేయాలని ఉంది. జల్లెడ ఎడం మార్చాలి, ఇనప పళ్ల బదులు రబ్బరు వాడి చూడాలి, మూడు నాలుగు సార్లు చెడగొట్టి మళ్లీ చేయాలి. పీఎంఈజీపీ ప్రాజెక్టు రిపోర్టులో మిషన్ కొటేషన్ జతచేయాలి. ఇంకా పుట్టని యంత్రానికి కొటేషన్ ఎవరిస్తారు? అప్పు పథకాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. అవి తెలిసిన యంత్రాన్ని కొనడానికి మాత్రమే.

పుట్టని యంత్రానికి వేరే పథకాలున్నాయి. నమూనా తయారీకి శాస్త్ర సాంకేతిక శాఖ వారి నిధి ప్రయాస్ 10 లక్షల దాకా ఇస్తుంది. ఎంఎస్ఎంఈ శాఖ 2022 మార్చిలో మొదలుపెట్టిన ఇన్నోవేటివ్ పథకం కింద ఒక ఆలోచనకు 15 లక్షల దాకా వస్తుంది, దేశీయ పేటెంటు ఖర్చులో లక్ష దాకా తిరిగిస్తుంది. ప్రత్యేకంగా ఎస్సీల కోసం 2020 సెప్టెంబరు 30న కేంద్ర సామాజిక న్యాయ శాఖ అంబేడ్కర్ సామాజిక ఆవిష్కరణ, ఇంక్యుబేషన్ మిషన్ ప్రారంభించింది. నాలుగేళ్లలో వెయ్యి మంది ఎస్సీ యువతను గుర్తించి, ఒక్కొక్కరికి మూడేళ్లలో 30 లక్షలు పెట్టుబడి వాటాగా ఇస్తామన్నది. నిలదొక్కుకున్నవాళ్లకు ఎస్సీ వెంచర్ క్యాపిటల్ ఫండు నుంచి ఇంకా పెద్ద మొత్తం. ఆ ఫండు 2015 జనవరి నుంచి ఉంది.

అప్పు లేదు, షూరిటీ లేదు. మరి మన పిల్ల అక్కడికి ఎందుకు వెళ్లలేదు?

దారి చూడండి. అంబేడ్కర్ మిషన్‌లోకి ఎక్కువగా టెక్నాలజీ ఇంక్యుబేటర్ల ద్వారా వెళ్లాలి, లేదంటే జాతీయ హ్యాకథాన్లలో గెలిచి ఉండాలి, లేదా కంపెనీల సీఎస్ఆర్ ద్వారా నామినేట్ కావాలి. ఇంక్యుబేటర్లు ఐఐటీల్లో, పెద్ద విశ్వవిద్యాలయాల్లో, నగరాల్లో ఉంటాయి. వాటి భాష ఇంగ్లీషు, వాటి పరీక్ష పది నిమిషాల స్లైడ్లు. పెట్టుబడి వాటాగా డబ్బు తీసుకోవాలంటే కంపెనీ ఉండాలి. స్టార్టప్ ఇండియా గుర్తింపుకైతే ప్రైవేట్ లిమిటెడో, ఎల్ఎల్‌పీయో, భాగస్వామ్య సంస్థో అయి తీరాలి. సొంత పేరు మీద నడిచే షెడ్డు లెక్కలోకి రాదు. ఎస్సీల సంస్థలన్నీ దాదాపు సూక్ష్మ సంస్థలేనని పైన చూశాం. వాటిలో అత్యధికం ఒక్క మనిషి పేరు మీద నడిచేవే.

అలా ఆ యువతి రెండు వరుసల మధ్య నిలబడింది. అప్పు వరుసలో ఆమె పల్లె, కులం, ఎనిమిదో తరగతి అన్నీ సరిపోతాయి, యంత్రం సరిపోదు. ఆవిష్కరణ వరుసలో యంత్రం సరిపోతుంది, మనిషి సరిపోదు.

అమెరికాలో ఈ మొదటి మెట్టును చట్టంగా చేశారు. 1982లో చిన్న వ్యాపారాల ఆవిష్కరణ అభివృద్ధి చట్టం వచ్చింది. బయటి సంస్థల పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టే కేంద్ర శాఖలు అందులో కొంత శాతాన్ని, తర్వాతి సవరణలతో అది 3.2 శాతమైంది, చిన్న వ్యాపారాలకే కేటాయించాలి. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందో లేదో చూడడానికే డబ్బు, రెండో దశలో నమూనాకు. సర్కారు వాటా అడగదు. సామాజికంగా వెనకబడ్డవారి భాగస్వామ్యం పెంచడం ఆ చట్టం లక్ష్యాల్లో ఒకటి. కానీ దానికి కోటా లేదు. నల్లజాతి వ్యాపారుల వాటా తక్కువగానే ఉండిపోయిందని అక్కడి జాతీయ అకాడమీల సమీక్షలే ఎత్తిచూపాయి. లక్ష్యం రాసి, కోటా రాయకపోతే ఏమవుతుందో అక్కడా అదే. మన బయోటెక్నాలజీ శాఖ 2005లో దాదాపు ఆ పేరుతోనే ఒక పథకం తెచ్చింది. అది బయోటెక్ వరకే. కాయలు ఒలిచే మిషన్‌కు అక్కడ చోటు లేదు.

మన దగ్గర నమూనా అందరికీ తెలిసిందే, చింతకింది మల్లేశం. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం. తల్లి ఆసు పోస్తూ పడే నొప్పి చూసి యంత్రం మొదలుపెట్టి, 1992 నుంచి 1999 దాకా ఏడేళ్లు కష్టపడ్డారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటివి ఆ పనిని వెలుగులోకి తెచ్చాయి. ఆయన పట్టుదలకు దండం పెట్టాలి. కానీ గుర్తింపు యంత్రం తిరిగాక వచ్చింది. తిరగక ముందు ఏడేళ్లను ఒక మనిషి, ఒక కుటుంబం మోశాయి. రోజు కూలీ మీద బతికే ఇల్లు ఏడేళ్లు మోయగలదా అన్నదే మన ప్రశ్న.

కొనేది సర్కారే అయితే

తయారైన సరుకును అమ్ముకోవడం మూడో మెట్టు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో నిర్ణీత శాతం చిన్న సంస్థల నుంచి కొనాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. అప్పుడు 20 శాతం, 2018 సవరణతో 25 శాతం. మొత్తంలో 4 శాతం ఎస్సీ ఎస్టీ సంస్థలకు. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు, అందరికంటే తక్కువ ధరకు 15 శాతం లోపు ఎక్కువ చెప్పినవారు ఆ తక్కువ ధరకు దిగితే కొంత ఆర్డరు ఇవ్వాలి. బాగుంది. తర్వాతి వాక్యం చదవండి: ఎస్సీ ఎస్టీ సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు తూగకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి నింపుకోవచ్చు. ఉద్యోగాల్లో బ్యాక్‌లాగ్ ఉంటుంది, పోరాడితే ఎప్పటికైనా నింపుతారు. కొనుగోళ్లలో బ్యాక్‌లాగ్ లేదు. ఆ ఏడాది పోయింది పోయినట్టే. దశాబ్దం దాటినా అసలు కొనుగోళ్లు 4 శాతానికి చాలా కిందనే ఉన్నాయంటే ఆశ్చర్యం ఏముంది?

పైగా ఈ ఉత్తర్వు రాష్ట్రాల కొనుగోళ్లకు వర్తించదు. మన పిల్లలకు రోజూ కనిపించే కొనుగోలు ఒకటి చెబుతాను. బడి పిల్లల బూట్లు. 2020 అక్టోబరు 8న మొదలైన విద్యా కానుకలోనూ, ఇప్పటి విద్యార్థి మిత్ర కిట్లలోనూ బూట్లు, బెల్టు, బ్యాగు ఉన్నాయి. ఏటా లక్షల జతలు. టెండరు రాష్ట్ర స్థాయిలో పిలుస్తారు. తోలు పని తెలిసిన కులం ఊరూరా ఉన్న రాష్ట్రంలో, 1970లలోనే లిడ్‌క్యాప్ పేరుతో తోలు పరిశ్రమల సంస్థ పెట్టిన రాష్ట్రంలో, సర్కారు కొనే బూటులో మాదిగ చేయి ఎంత ఉందో అడిగినవాళ్లు తక్కువ. ఒక మండలం బడుల బూట్లు ఆ డివిజన్‌లోనే కుట్టించినా కళ్యాణదుర్గంలో ఒక సోలు ప్రెస్సు ఏడాదంతా తిరుగుతుంది.

రాష్ట్రం చేతిలో ఉన్నది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత సంఘాల సుదీర్ఘ ఒత్తిడితో 2013లో ఎస్సీ ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ల గడువు ముగుస్తుండగా 2023 జనవరిలో ఆర్డినెన్సుతో మరో పదేళ్లు పొడిగించారు. ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, వాడలకు నేరుగా లెక్కించదగిన మేలు చేసే పథకాలే ఇందులో ఉండాలని చట్టం అంటుంది. అదే చట్టం, విడదీయడానికి వీల్లేని మౌలిక సదుపాయాల ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీల ఖాతాలో రాసుకోవచ్చని కూడా అంటుంది. పారిశ్రామిక రోడ్లు, పెద్ద పార్కులు ఆ సందులోంచి ఉపప్రణాళికలోకి రావచ్చు. ఇంకో తేడా. తెలంగాణ 2017 చట్టంలో ఖర్చుకాని నిధిని వచ్చే ఏడాదికి మోసుకెళ్లే ఏర్పాటు ఉంది. ఆంధ్ర చట్టంలో అది లేదు.

2020 అక్టోబరు 26న గత ప్రభుత్వం ఎస్సీ ఎస్టీ పారిశ్రామికవేత్తల కోసం బడుగు వికాసం విధానం తెచ్చింది. పారిశ్రామిక పార్కుల ప్లాట్లలో ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6 శాతం కేటాయింపు అందులో ఉంది. అది 2023 దాకా రాసిన విధానం. ఇప్పటి ప్రభుత్వం కొత్త ఎంఎస్ఎంఈ విధానం, స్టార్టప్ విధానం ప్రకటించింది. 175 నియోజకవర్గాల్లో ఒక్కో ఎంఎస్ఎంఈ పార్కు అన్నది. రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి అనంతపురంలో పెట్టారు. ఇది నిజంగా అక్కరకు రావచ్చు. ఐఐటీకి వెళ్లలేని పిల్ల అనంతపురం బస్సు ఎక్కగలదు. అయితే బస్సు దిగాక లోపల తెలుగులో మాట్లాడేవాళ్లు, కంపెనీ లేకపోయినా నమూనా చూసేవాళ్లు, వెల్డింగు యంత్రం వాడుకోనిచ్చేవాళ్లు ఉన్నారా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

రాష్ట్రాల రాయితీల గురించి ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీ పారిశ్రామిక రాయితీల పేరుతో ఎక్కువగా వినిపించేది వాహనాలు. ట్రాక్టర్లు, జేసీబీలు, కార్లు. పుస్తకంలో మన పేరు, స్టీరింగు దగ్గర మన మనిషి లేదా అసలు మన మనిషే లేడు. బినామీల సంగతి బయటివాళ్లు చెప్పనక్కర్లేదు, మనకే తెలుసు. తయారీకి ఇవ్వాల్సిన డబ్బు అద్దె బండికి పోయినప్పుడు కియా దగ్గర ట్రిప్పులు దొరుకుతాయేమో, మధ్య తరహా సంస్థల పట్టికలో ఆ సున్నా మాత్రం మారదు.

అడగాల్సిన కాగితాలు

విద్యార్థులు, కార్యకర్తలు కళ్యాణదుర్గం డివిజన్ వరకు చేయగల పని ఒకటి ఉంది. సమాచార హక్కు కింద అడగడం. రాష్ట్ర కార్యాలయాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. బ్యాంకులకు 10. తెల్ల కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు. జవాబుకు 30 రోజులు.

అనంతపురం లీడ్ బ్యాంకు కెనరా బ్యాంకు. లీడ్ జిల్లా మేనేజరును డివిజన్‌లోని ప్రతి శాఖా వారీగా అడగండి: స్టాండప్ ఇండియాలో ఎస్సీలవి ఎన్ని, ఎస్టీలవి ఎన్ని, పీఎంఈజీపీలో వచ్చిన ఎస్సీ దరఖాస్తులు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, రాసిన కారణాలు ఏమిటి. పేర్లు అడగొద్దు. ఖాతాదారుల గోప్యత అని చెప్పి మొత్తం దరఖాస్తునే తిప్పి పంపుతారు. అంకెలు, కారణాలు మాత్రమే అడగండి. జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఎస్సీ రాయితీల్లో తయారీ యూనిట్లు ఎన్ని, వాహనాలు ఎన్ని అని విడిగా అడగండి. ఏపీఐఐసీని కళ్యాణదుర్గం నియోజకవర్గపు పార్కులో ఎస్సీలకు కేటాయించిన ప్లాట్లు ఎన్ని, ఏ జీవో ప్రకారం అని అడగండి. పాత 16.2 శాతం కొత్త విధానంలో కొనసాగుతోందా అన్నది ఆ జవాబులో రాతపూర్వకంగా రావాలి. సమగ్ర శిక్ష కార్యాలయాన్ని బూట్ల టెండరులో కనీస టర్నోవరు షరతు ఎంత పెట్టారని అడగండి.

తిరస్కరణ కారణాల కాలమ్‌ను జాగ్రత్తగా చదవండి. 'లాభసాటి కాదు' అని రాసి ఉంటే ఏ లెక్క ప్రకారమో మళ్లీ అడగొచ్చు. 'తాకట్టు లేదు' అని రాసి, రుణం పది లక్షల లోపు ఉంటే అది రిజర్వు బ్యాంకు ఆదేశానికి విరుద్ధం. ఆ ఒక్క కాగితాన్ని పట్టుకుని కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశం ముందు పెట్టవచ్చు, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. ఆ కాలమ్ ఖాళీగా వదిలేసిన శాఖలూ ఉంటాయి. వాటి జాబితా వేరుగా రాసుకోండి.